ఫార్ములా చెరిపేసే ముందు

మూడేళ్ల కిందట ఒక మీటింగ్‌లో నన్ను చాలా మామూలు ప్రశ్న ఒకటి అడిగారు. "మీరు నెలాఖరున ఇచ్చిన కాగితంలో ముప్పై రోజులు దాటిన దరఖాస్తులు 38 అని ఉంది. అదే ఫైల్ ఇప్పుడు తెరిస్తే 51 చూపిస్తోంది. ఏది నిజమండీ?"

నా దగ్గర జవాబు లేదు. నెలాఖరు తర్వాత ఆ ఎక్సెల్ ఫైల్ జోలికి నేను వెళ్లలేదు. ఇంకెవరూ తెరవలేదు కూడా. అయినా అంకె మారిపోయి కూర్చుంది. మీటింగ్ అయ్యేదాకా టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. తిరిగి నా సీటుకి వచ్చి ఆ సెల్ మీద క్లిక్ చేశాకే విషయం అర్థమైంది. దరఖాస్తు వచ్చి ఎన్ని రోజులైందో లెక్కకట్టే కాలమ్‌లో నేను వాడింది టుడే ఫంక్షన్. ఈరోజు తేదీలోంచి వచ్చిన తేదీని తీసేయడం, అంతే. నెలాఖరున "ఈరోజు" అంటే నెలాఖరు. మీటింగ్ నాడు "ఈరోజు" అంటే మీటింగ్ రోజు. ఫైల్‌లోని పాత దరఖాస్తులన్నీ ఉన్నచోటే ఉండి, వాటి వయసు మాత్రం రోజుకొకటి చొప్పున పెరుగుతూ పోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి వేరే ఉంది. ఆ 38 ఒక రోజుకి నిజం. 51 మాత్రం ఏ రోజుకీ నిజం కాదు. ఎందుకంటే ఆ మధ్యలో చాలా దరఖాస్తులు పరిష్కారమయ్యాయి, అవి వేరే ఫైల్‌లో నమోదయ్యాయి. పాత జాబితాకి కొత్త తేదీ కలిస్తే పుట్టిన అంకె అది. ఎక్కడా జరగని విషయాన్ని నా రిపోర్టు చాలా ధీమాగా చెబుతోంది.

ఆ దెబ్బతో నేను రెండో కొసకి వెళ్లిపోయాను. ఏ షీట్ పూర్తయినా సరే, మొత్తం ఎంచుకుని కాపీ చేసి, అక్కడే వాల్యూస్‌గా, అంటే ఫార్ములా పోయి దాని ఫలితం మాత్రమే మిగిలేలా, పేస్ట్ చేసేసేదాన్ని. ఒక్క ఫార్ములా కూడా మిగిలేది కాదు. ఇక ఏ అంకే నా చేయి దాటి మారదని ధైర్యంగా ఉండేది.

ఆ ధైర్యం ఆరు నెలలు నిలిచింది. 240 మంది పని గంటల షీట్ ఒకటి నా దగ్గర ఉండేది. రాత్రి గంటలకి 1.25 రెట్లు కట్టాం, అది 1.5 రెట్లు ఉండాలని తర్వాత తెలిసింది. ఫార్ములా బతికుంటే ఒక్క సెల్‌లో 1.25 తీసి 1.5 రాస్తే సరిపోయేది. కానీ నా షీట్‌లో అంతా గట్టిపడిపోయిన అంకెలే. ఒక వరుసలో 46.25 అని ఉంది. 37 గంటల్ని 1.25తో గుణిస్తే 46.25 వస్తుంది. 18.5 గంటల్ని 2.5తో గుణించినా అదే 46.25 వస్తుంది. పగటి గంటలు, రాత్రి గంటలు, సెలవు రోజున చేసిన గంటలు కలిసి కూడా ఆ అంకెకి చేరవచ్చు. తాను ఏ దారిన వచ్చిందో అంకె చెప్పదు. రోజువారీ హాజరు షీట్లు మళ్లీ తెరిచి, ఒక్కొక్కరివీ తిరిగి కట్టుకుంటూ వస్తే రెండు పూర్తి రోజులు పట్టింది.

ఈ రెండు అనుభవాల మధ్య నిలబడి చెబుతున్నాను. ఫార్ములాని విలువగా మార్చడాన్ని మనం మౌస్‌తో చేసే చిన్న పనిగా చూస్తున్నాం. నేర్పించేటప్పుడు కూడా షార్ట్‌కట్ చెప్పి ఊరుకుంటాం. అది లెక్క గురించి తీసుకునే నిర్ణయం. "ఈ అంకె ఇక మారకూడదు" అని చెప్పే హక్కు మనకి ఏ సెల్ మీద ఉంది, ఏ సెల్ మీద లేదు అన్నది తేల్చుకోకుండా ఆ మీటలు నొక్కకూడదు.

సెల్ లోపల ఏముంటుందో ఒకసారి దగ్గరగా చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఇప్పటి ఎక్సెల్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. ఒక నకలు తీసుకుని, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల ఒక్కో షీట్‌కీ ఒక్కో ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ కనిపిస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఫార్ములా ఉన్న ప్రతి సెల్‌కీ రెండు ముక్కలు ఉంటాయి. "ఎఫ్" అన్న గుర్తుల మధ్య ఫార్ములా, దాని పక్కనే "వి" అన్న గుర్తుల మధ్య చివరిసారి లెక్కకట్టినప్పుడు వచ్చిన విలువ. వాల్యూస్‌గా పేస్ట్ చేశాక ఫైల్ సేవ్ చేసి, మళ్లీ విప్పి చూడండి. "వి" ముక్క అలాగే ఉంటుంది. "ఎఫ్" ముక్క ఉండదు. మనం చేసిందల్లా ఆ ఒక్క ముక్కని తీసేయడమే. కొత్తగా ఏదీ చేరలేదు. ఎప్పుడు తీశాం, ఎవరు తీశారు, అక్కడ ఏముండేది అన్నవి ఆ సెల్‌లో ఎక్కడా రాసి ఉండవు.

మెయిల్‌లో వచ్చిన ఫైల్‌ని తెరవగానే పైన పసుపు పట్టీ ఒకటి వస్తుంది కదా, ఎడిటింగ్ ఎనేబుల్ చేయమంటూ. అది నొక్కేదాకా ఎక్సెల్ తిరిగి లెక్క కట్టదు, దాచిపెట్టిన "వి" విలువనే చూపిస్తుంది. నొక్కగానే టుడే లాంటివన్నీ మళ్లీ లెక్కకి వస్తాయి. నా పాత ఫైల్‌ని ఆ తర్వాత ఒకసారి నాకు నేనే మెయిల్ చేసుకుని చూశాను. మొదట 38 కనిపించింది. పట్టీ మీద క్లిక్ చేయగానే నా కళ్లముందే అది పెద్ద అంకెగా మారిపోయింది. ఒకే ఫైల్, ఒకే నిమిషం, రెండు జవాబులు.

కాబట్టి కొన్నిటిని ఆపి తీరాలి. అందులో మొదటి వరుసలో నిలిచేవి ఇలా తమంతట తామే కదిలేవి. టుడే, ఇప్పటి సమయం ఇచ్చే నౌ, లాటరీ తీసినట్టు ఏదో ఒక అంకె ఇచ్చే ర్యాండ్, ర్యాండ్‌బిట్వీన్: షీట్‌లో ఏ మూల ఏ సెల్ మార్చినా ఇవి మళ్లీ లెక్కకి వస్తాయి. వంద మందిలోంచి పది మందిని తనిఖీకి ఎంపిక చేయడానికి ర్యాండ్ వాడారనుకోండి. జాబితా తయారై, మీరు ఎవరి పేరు దగ్గరో ఒక గుర్తు పెట్టగానే అంకెలన్నీ మారిపోతాయి, ఎంపికైనవాళ్లూ మారిపోతారు. నిజాయితీగా చేసిన ఎంపికని కూడా రేపు రుజువు చేసుకోలేరు. అక్కడ వెంటనే విలువలుగా మార్చకపోతే ఎంపిక జరగనట్టే లెక్క. ఫలానా పని ఈరోజు జరిగింది అని రాసుకోవడానికైతే టుడే వాడాల్సిన పనే లేదు. ఎక్సెల్‌లో కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కితే ఈనాటి తేదీ కదలకుండా పడుతుంది. షిఫ్ట్ కూడా కలిపితే సమయం పడుతుంది. ఇంత చిన్న విషయం నాకు ముందే తెలిసుంటే రిజిస్టర్‌లలో తేదీలు రోజూ మారే బాధ ఉండేది కాదు.

రెండోది బయటినుంచి తెచ్చుకునేవి. వేరే ఫైల్‌కి లింకు పెట్టినవి, గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌రేంజ్ ఫంక్షన్‌తో ఇంకో షీట్‌లోంచి లాక్కున్నవి, గూగుల్‌ఫైనాన్స్ ఫంక్షన్‌తో వచ్చే షేర్ల ధరలు. అవతలి ఫైల్ పేరు మారినా, ఫోల్డర్ మారినా, అనుమతి తీసేసినా మన అంకె పోవచ్చు. లేదా పాత అంకె మీదే మన షీట్ నిలిచిపోయి, అది పాతదని మనకి చెప్పదు. ముగిసిన నెల లెక్క అలాంటి దారం మీద వేలాడకూడదు.

ఇక ఎందుకు ఆపకూడదో చెప్పాలంటే స్ప్రెడ్‌షీట్ ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకోవాలి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ తెచ్చారు. క్లాసులో ప్రొఫెసర్ నల్లబల్ల మీద గళ్లు గీసి లెక్క వేస్తుంటే, ఒక అంకె తప్పని తేలినప్పుడు దాని మీద ఆధారపడినవన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చూసి ఆ ఆలోచన వచ్చిందని బ్రిక్లిన్ చెప్పుకున్నారు. ఒకటి మారిస్తే మిగిలినవి వాటంతట అవే మారాలి, ఈ సాధనం పుట్టుకకి కారణమే అది. షీట్ మొత్తాన్ని వాల్యూస్‌గా మార్చినప్పుడు మనం తిరిగి ఆ నల్లబల్ల దగ్గరికే వెళ్తున్నాం. నా రెండు రోజుల కష్టం అదే.

ఇంకో ఉదాహరణ చాలామందికి తెలిసినదే, కానీ దాన్ని ఈ కోణంలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు దేశ ఉత్పత్తిలో 90 శాతం దాటిన చోట వృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోతుందని అందులో ఉంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టాలని చూస్తే కుదరలేదు. రచయితలని అడిగితే వాళ్లు తమ స్ప్రెడ్‌షీట్‌నే పంపారు. సగటు కట్టే ఫార్ములా 30వ వరుస నుంచి 44వ వరుస దాకా ఉంది. దేశాలు మాత్రం 49వ వరుస దాకా ఉన్నాయి. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. 2013లో హెర్న్‌డన్, అక్కడి ప్రొఫెసర్లు మైఖేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ తిరిగి కట్టిన సగటు 2.2 శాతం. తేడా మొత్తానికి ఈ ఒక్క ఫార్ములానే కారణం కాదు. కొన్ని సంవత్సరాల్ని వదిలేయడం, సగటులో ఒక్కో దేశానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్న పద్ధతి అందులో పెద్ద భాగం. కానీ ఆ ఐదు దేశాల పొరపాటుని రచయితలు ఒప్పుకున్నారు.

ఆ ఫైల్‌ని వాల్యూస్‌గా మార్చి పంపి ఉంటే ఏం జరిగేది? హెర్న్‌డన్ తెర మీద ఒక అంకె మాత్రమే ఉండేది. దేశాలన్నీ కలిపి సగటు కట్టి చూస్తే తేడా తెలిసేది, ఎక్కడ తప్పు జరిగిందో చూపించడం మాత్రం ఎంతో కష్టమయ్యేది. తప్పు దొరికింది ఫార్ములా బతికుంది కాబట్టి. ఆ ఫైల్‌ని అలాగే పంపినవాళ్ల మీద నాకు గౌరవమే కలుగుతుంది.

నాతో పనిచేసేవాళ్లలో ఈ విషయం మీద రెండు పక్షాలున్నాయి. బయటికి పంపే ప్రతి ఫైల్ వాల్యూస్‌గానే వెళ్లాలన్నది ఒక పక్షం. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. ఫార్ములాల్లో అంతర్గత ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల దారులు బయటపడతాయి. అవతలివాళ్లు తెలియక ఒక సెల్ చెరిపితే మొత్తం పాడవుతుంది. వేరే పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్‌లు వేలల్లో ఉన్న ఫైల్ అవతలి కంప్యూటర్‌ని నిలబెట్టేస్తుంది. వీటన్నిటికీ నేను ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఒక్కటే: పంపేది నకలు అవ్వాలి. అసలు ఫైల్‌నే వాల్యూస్‌గా మార్చి, సేవ్ చేసి, అదే పంపడం చూస్తుంటాను. అక్కడే నష్టం జరుగుతోంది.

ఫార్ములా ఉండాల్సిన చోట అంకె టైప్ చేయడమే పాపం, ఏదీ ఎప్పుడూ గట్టిపరచకూడదు అన్నది రెండో పక్షం. భవిష్యత్తు అంచనాలు వేసే షీట్లకి అది సరైన నియమం. అక్కడ ఒక ఊహ మార్చి ఫలితం ఎలా కదులుతుందో చూడటమే పని. పది నెలల అంచనాలో ఐదో నెల దగ్గర ఎవరో ఒక అంకెని చేత్తో దిద్ది వదిలేస్తే ఆరో నెల నుంచి అంతా అబద్ధమే, అదీ ఎవరికీ కనిపించని అబద్ధం. కానీ జరిగిపోయిన వాటి గురించిన షీట్‌కి ఆ నియమం పెడితే నా 38 కథ అవుతుంది. ముగిసిన నెల మొత్తం రేపు ఎవరో రేటు మారిస్తే మారిపోకూడదు. ఆ నెలకి ఆ రేటే నడిచింది.

జరిగిపోయినదాన్ని ఆపాలి, ఇంకా తేలాల్సినదాన్ని ఆపకూడదు. గీత ఎక్కడ గీయాలంటే నా జవాబు ఇది. రెండూ ఒకే షీట్‌లో ఉంటే ముందు వాటిని విడదీయాలి. విడదీయకుండా వాల్యూస్ గురించి వాదించుకోవడం దండగ.

పద్ధతులు త్వరగా చెప్పేస్తాను, ఇవి అందరికీ దొరికేవే. కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకోవడం పాత దారి. గూగుల్ షీట్స్‌లోనూ, ఎక్సెల్ కొత్త వెర్షన్లలోనూ కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే చాలు. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో డేటా మెనూలో కాల్క్యులేట్ కింద ఫార్ములా టు వాల్యూ అని నేరుగా ఉంది. ఒక్క సెల్‌కైతే ఎక్సెల్‌లో ఎఫ్2, ఎఫ్9, ఎంటర్. ఫార్ములాలో కొంత ముక్కని మాత్రమే ఎంచుకుని ఎఫ్9 నొక్కితే ఆ ముక్క విలువ కనిపిస్తుంది. తప్పులు వెతకడానికి ఇది ఎంతో మంచిది, కానీ చూశాక ఎస్కేప్ నొక్కాలి. అలవాటులో ఎంటర్ నొక్కితే ఆ ముక్క అక్కడే గట్టిపడిపోతుంది, మిగతా ఫార్ములా మామూలుగానే కనిపిస్తుంది. వేరే ఫైల్ లింకుల్ని తెంపే బ్రేక్ లింక్స్ కూడా ఈ పనే చేస్తుంది. దాన్ని వెనక్కి తీసుకోలేరు.

చిక్కంతా ఈ మీటలు నొక్కిన తర్వాత బయటపడేవాటితో. వాటిలో నన్ను ఎక్కువసార్లు పట్టుకున్నది ఖాళీ సెల్. మనం ఇఫ్‌తో ఒక ఫార్ములా రాస్తాం: షరతు నిజమైతే అంకె చూపించు, లేకపోతే ఖాళీగా ఉంచు. ఆ "ఖాళీ" కోసం రెండు కొటేషన్ గుర్తులు పక్కపక్కన పెడతాం. ఇది ఖాళీ కాదు, అక్షరాలేవీ లేని ఒక పాఠ్యం. ఫార్ములా ఉన్నంతకాలం ఇబ్బంది తెలియదు, ఎందుకంటే క్లిక్ చేస్తే పైన ఫార్ములా కనిపిస్తుంది. వాల్యూస్‌గా మార్చాక ఆ సెల్ మీద క్లిక్ చేయండి. సెల్‌లో ఏమీ లేదు, పైన ఫార్ములా పట్టీలో ఏమీ లేదు. కంటికి పూర్తిగా ఖాళీ. కానీ సెల్ ఖాళీయా అని చూసే ఈజ్‌బ్లాంక్ ఫంక్షన్‌ని అడిగితే ఖాళీ కాదంటుంది. నిండిన సెల్స్‌ని లెక్కపెట్టే కౌంట్‌ఎ దాన్ని కూడా లెక్కేస్తుంది. దానికి ఒకటి కలపమంటే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. కంట్రోల్ పట్టుకుని కింది బాణం నొక్కితే సమాచారం ఉన్నట్టే దాని మీదుగా కిందికి దిగిపోతుంది. ఒకసారి 500 వరుసల కాలమ్‌లో 120 మంది మాత్రమే జవాబిచ్చారు, నా రిపోర్టులో మాత్రం 500 మందీ ఇచ్చినట్టు వచ్చింది. కారణం ఈ కనిపించని పాఠ్యమే. ఇప్పుడు వాల్యూస్ చేయగానే ఫిల్టర్ పెట్టి, బ్లాంక్స్ ఎంచుకుని, ఆ సెల్స్‌ని డిలీట్ మీటతో నిజంగా ఖాళీ చేస్తాను. ఆ తర్వాతే ఏ లెక్కైనా.

ఫిల్టర్ అన్నాను కాబట్టి ఇంకొకటి. ఫిల్టర్ ఉండగా కనిపించే వరుసల్ని కాపీ చేసి అదే కాలమ్‌లో పేస్ట్ చేయకండి. ఎక్సెల్ కాపీ చేసేది కనిపించేవాటినే, పేస్ట్ మాత్రం దాగిన వరుసలతో సహా వరుసగా నింపుకుంటూ పోవచ్చు. ఒకరి అంకె ఇంకొకరి పేరు పక్కన పడుతుంది. ఫిల్టర్ తీసేసి మొత్తం కాలమ్‌ని ఒకేసారి మార్చుకోవడం మేలు.

అంకెల్ని రౌండ్ చేసే సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 100ని మూడు భాగాలు చేస్తే తెరమీద 33.33 అని మూడుసార్లు కనిపిస్తుంది. వాల్యూస్‌గా మార్చినా లోపల 33.3333 అంటూ పదిహేను అంకెలదాకా ఉంటుంది, తెరమీద కనిపించేది లోపలికి వెళ్లదు. మొత్తం 100 అంటుంది, కాగితం చూసి కూడినవాళ్లకి 99.99 వస్తుంది. గట్టిపరిచేముందే రౌండ్ ఫంక్షన్ పెట్టి, మిగిలిన పైసని ఎవరి ఖాతాలో వేస్తున్నామో మనమే నిర్ణయించాలి.

మ్యాక్రోలు, అంటే ఎక్సెల్ పనుల్ని వాటంతట అవే జరిపించే చిన్న కోడ్‌లు, రాసేవాళ్లకి ఒక మాట. రేంజ్ విలువని దానికే తిరిగి ఇచ్చే ఒక్క లైన్ కోడ్ చాలా సులువైనది, నేనూ వాడతాను. కానీ కరెన్సీ ఫార్మాట్ ఉన్న సెల్స్ మీద వాల్యూ అని రాస్తే నాలుగు దశాంశాల తర్వాతది పోతుంది, వాల్యూ2 అని రాస్తే పోదు. పైగా మ్యాక్రో నడిచాక ఎక్సెల్‌లో అన్‌డూ జాబితా ఖాళీ అయిపోతుంది. చేత్తో చేసిన తప్పుకి కంట్రోల్ జెడ్ ఉంది. మ్యాక్రో చేసినదానికి లేదు. అందుకే నా మ్యాక్రోలో మొదటి పని ఫైల్‌కి తేదీతో ఒక నకలు సేవ్ చేయడం.

ఇక నేను చేసేది. నెల ముగిసినప్పుడు బతికున్న షీట్ అలాగే ఉంచి, దాని నకలు ఒకటి తీసి, ఆ నకలులోనే వాల్యూస్ చేస్తాను. అంతకుముందు శీర్షికల పైన ఒక వరుస చేర్చి, ఒక్కో కాలమ్‌కీ ఫార్ములాటెక్స్ట్ పెడతాను. 2013 వెర్షన్ నుంచి ఎక్సెల్‌లో ఉన్న ఫంక్షన్ ఇది. ఏ సెల్‌ని చూపిస్తే ఆ సెల్‌లోని ఫార్ములాని పాఠ్యంగా చూపిస్తుంది. అది కూడా ఫార్ములానే కాబట్టి, ముందు ఆ వరుసనే వాల్యూస్‌గా మార్చాలి. కింది కాలమ్‌ని ముందు మారిస్తే అక్కడ ఫార్ములా ఉండదు, పైన ఎర్రర్ వచ్చి పడుతుంది. తర్వాత కింది కాలమ్‌లు. చివరికి మొదటి సెల్‌లో తేదీ, వాడిన రేటు, మార్చినవారి పేరు. మొత్తం పని పది నిమిషాలు కూడా పట్టదు.

కిందటి వారం రెండేళ్ల నాటి ఒక నెల గురించి ఫోన్ వచ్చింది. "ఈ 112 ఎలా వచ్చిందో చెప్పగలరా?" అని. ఫైల్ తెరిచాను. సెల్‌లో 112 మాత్రమే ఉంది, పైన పట్టీలోనూ 112 మాత్రమే. కాలమ్ నెత్తిన చూశాను. నెలాఖరు తేదీలోంచి వచ్చిన తేదీ తీసి, ముప్పై దాటినవి లెక్కపెట్టిన ఫార్ములా అక్షరాల్లో రాసి ఉంది. ఫోన్‌లోనే చదివి వినిపించాను. అవతలివారు తమ దగ్గరున్న జాబితాతో పోల్చి చూసుకుని, "మాకూ 112 వచ్చిందండీ" అన్నారు.